మలుపులో దీపం

సాయంత్రం కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతుంటే ఈ మాటలు నా చెవిన పడ్డాయి. వీధి మలుపులో దీపస్తంభానికి నిచ్చెన వేసుకుని ఓ కుర్రాడు ఎక్కాడు, కింద ఇంకొకడు పట్టుకున్నాడు. ఎదురింటి ముసలావిడ గుమ్మంలో కూర్చుంది.

"ఒరేయ్, ఈ దీపాలన్నీ రాళ్ళతో పగలగొట్టింది నువ్వే కదూ?"

"నేనే మామ్మా. ఒక్క గురీ తప్పలేదు."

"గొప్పే! ఆ చీకట్లోనే కదా ఎవడో నా చేతిసంచి లాక్కుపోయాడు. నీ చేతికి బల్బు ఇచ్చిన మహానుభావుడెవరు?"

"ప్రభుత్వంవాళ్ళే. దొంగతనాలు తగ్గాలని, ఖాళీగా తిరిగే మాకు కరెంటు పని నేర్పారు. ఈ వీధి దీపాలు నాకే అప్పజెప్పారు. నెలాఖరుదాకా ఒక్కటీ పగలకపోతే ఉద్యోగం ఖాయం."

"పగిలితే?"

"మళ్ళీ పనీపాటా లేక ఆ పిట్టగోడ మీదే నా కాపురం."

"మరి నీ తమ్ముడు ఊరుకుంటాడా? వాడికి గురి నేర్పింది నువ్వేగా?"

"వాడంటేనే భయం. అందుకే వెంట తెచ్చుకున్నా. నిచ్చెన పట్టుకున్నది వాడే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నిచ్చెన తీశాక వాడి చేతులు ఖాళీయేగా? నువ్వు దిగు, వాణ్ణి ఎక్కించు. బల్బు వాడే బిగిస్తాడు."

"వాడికేం తెలుసు మామ్మా?"

"రాయి విసరడం నేర్పినవాడివి, ఇదీ నేర్పు. కరెంటు ఆపే ఉందిగా?"

"ఉంది. ఇదిగో దిగా. ఎక్కరా తమ్ముడూ, నిచ్చెన నేను పట్టుకున్నా. మెల్లిగా తిప్పు."

స్తంభం మొదట్లో ఉన్న స్విచ్ అన్న వేయగానే వీధంతా వెలుగు పరుచుకుంది.

"వెలిగింది మామ్మా! వీడు చూడు, దిగమంటే దిగడే! పైనుంచి వీధంతా చూసుకుంటున్నాడు."

"చూసుకోనీరా. నీ చేతులు నొప్పెడితే చెప్పు, నిచ్చెన నేను పట్టుకుంటా."