ఐదింటిలోగా వంద స్పందనలు

మాసపత్రిక కార్యాలయం. సంపాదకురాలు, వెబ్‌సైటు కట్టిన ఆమె తమ్ముడు ఒకే తెర ముందు. సాయంత్రం నాలుగూ ముప్పై అయిదు.

“పాఠకుడికి మాట్లాడే చోటిస్తే పత్రిక చావదని లోకమంతా అంటోంది కదక్కా.”

“లోకమంతా అంటే నిజమైపోతుందా? ఎంత చూపిస్తోంది?”

“చూసినవాళ్లు ఆరువేల రెండొందలు.”

“చూసినవాళ్లు కాదురా. రాసినవాళ్లు.”

“సున్నా.”

“ఇంకోసారి తెరువు.”

“ఇప్పుడేగా తెరిచాను.”

“తెరువంటున్నానా!”

“సున్నా. సున్నానే. నువ్వు కళ్లెర్రజేస్తే ఒకటవుతుందా?”

“ఐదింటికి చైర్మన్‌ గారు ఫోన్‌ చేస్తారు. వంద స్పందనలుంటే ఏడాది గడువిస్తానన్నారు. లేకపోతే నలభై ఒక్కేళ్ల పత్రిక ఈ సంచికతో సరి. తొమ్మిది మందిమీ ఇళ్లకి.”

“పొద్దుట్నుంచి ఇది ఏడోసారి చెప్పడం.”

“కథకి ముగింపు పాఠకుడే ఎంచుకుంటాడన్నావు. ఎంచుకుని, అదే ఎందుకో రాస్తాడన్నావు.”

“ఎంచుకుంటున్నారుగా! రెండో ముగింపు మీద నొక్కినవాళ్లే మూడువేలు. ఏ వీధి నీళ్లు ఎంత మంచివో చూపే మన పటం మీద వేలు పెట్టి ఎవరి వీధి వాళ్లు చూసుకుంటున్నారు.”

“చూసుకుని నోరు మూసుకుని పోతున్నారు.”

“రాసే పెట్టె అడుగునుందని పైకి తెచ్చాను. అక్షరాలు పెద్దవి చేశాను. రంగు మార్చాను. ఇక కాళ్లు పట్టుకోవడమొక్కటే మిగిలింది.”

“అదీ కానివ్వు. ‘దయచేసి ఒక్క మాట రాయండి’ అని పెట్టు.”

“నువ్వేనా ఈ మాటంటున్నది? పాఠకుణ్ని ఆలోచింపజెయ్యాలి కానీ అడుక్కోకూడదని నన్ను ఎన్నిసార్లు...”

“పెట్టమన్నానా!”

“పెట్టా. పెట్టా. అక్కా, ఒకటి చెప్తాను, కోప్పడకు.”

“కోప్పడే ఓపిక కూడా లేదు. చెప్పు.”

“నా స్నేహితులు ఇరవై మంది. తలా ఐదు పేర్లతో...”

“వద్దు.”

“పది నిమిషాల పని.”

“మహిమల నూనె అమ్మేవాడు అచ్చేయించిన దొంగ సాక్ష్యాల మీద మనం ప్రత్యేక సంచికే వేశాం. ఇప్పుడు మనమే రాయించుకుంటామా?”

“అది వేరు.”

“ఎలా వేరు? ఒప్పించు. ఒప్పించగలిగితే ఒప్పుకుంటాను. నాకూ ఒప్పుకోవాలనే ఉందిరా.”

“...వేరు కాదులే.”

“ఎంత?”

“సున్నా.”

“టైమెంత?”

“అదిగో, మోగుతోంది.”

“హలో... నమస్కారమండీ... లేవండీ. ఒక్కటి కూడా... పొరపాటేం లేదండీ, పదిసార్లు చూశాం... ఎలాగండీ, లేనిది ఉందని చెప్పలేను కదా... అవునండీ, పాఠకుడికే మాట్లాడాలని లేనప్పుడు... సరే. మూసివేత కాగితం మీద ఇప్పుడే సంతకం చేసి పంపిస్తాను.”

“అక్కా, ఒక్క పూట ఆగమని అడగాల్సింది.”

“అడిగి? రేపు మాత్రం ఎవరు రాస్తారు? ఇదిగో, చేశాను. పంపేశాను. సైటు కూడా ఇవాళే తీసెయ్యమన్నారు.”

“సరే. తీసేద్దామని ఖాతాలు తెరిచా. అదేంటి, ఇక్కడ ‘పరిశీలకుడు’ అని ఇంకో ఖాతా ఉంది. ఎవరిది?”

“బూతులు పడతాయని భయమేసి పొద్దున సైటుకి చోటిచ్చిన కంపెనీవాళ్లతో చెప్పి పెట్టించాను. ఎవరేం రాసినా ముందు మన ప్రూఫులు దిద్దే బాబాయికి వెళ్తుంది. ఆయన సరేనంటేనే బయటికొస్తుంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఏమైనా వస్తేగా చెప్పడానికి! బాబాయ్! ఓ బాబాయ్! ఆ తలుపు తీసుకుని ఒకసారి ఇలా రా. నీ దగ్గరికేమైనా వచ్చాయా?”

“ఊపిరాడనిస్తేనా తల్లీ! పదమూడొందల నలభై ఉత్తరాలు. ఒక్కదానికీ పూర్తి చిరునామా లేదు. మన నియమం ప్రకారం అన్నీ చెరిపేశాను.”