వెనకాల వచ్చిన చీమలు

"అమ్మమ్మా, మా నర్సింగు పుస్తకంలో స్కిజోఫ్రీనియా పాఠం వచ్చింది. ఆ జబ్బున్న రత్నం తాతకి సుగరు కూడా ఉందని ఎలా తెలిసింది?"

ఆయ్, అదా! కూచో, చెబుతాను. మా తమ్ముడికి ఆ జబ్బు... నువ్వన్నావే, నాకు నోరు తిరగదు గానీ, ఇరవయ్యో ఏట నుంచీ ఉంది కదా. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనేవాడు. మాత్రలతో నెమ్మదించేడు. నెలనెలా మీ తాతయ్యే మన గన్నవరంలో బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు, బావమరిదంటే ఎంత ప్రేమో ఆయనకి! మీ అమ్మ పెళ్ళి హడావుడిలో కూడా... సరే, చెప్పేది అది కాదు.

రెండేళ్ళ కిందట, కాదు కాదు, మూడేళ్ళయింది, దాహం దాహం అని మొదలెట్టేడు. నేనేమో మాత్రల వేడి అనుకున్నాను. చలవ చేస్తుందని రోజుకి మూడు కొబ్బరి బొండాలు కొట్టి, పైగా పటికబెల్లం కలిపి మరీ ఇచ్చేదాన్ని. చూడు నా తెలివి! పెరట్లో బొండాలున్నాయంటే మన కోనసీమ వాళ్ళకి ఏ రోగమైనా వేడే కదమ్మా.

ఇంతలో "అక్కా, నా వెనకాల చీమలొస్తున్నాయే" అనడం మొదలెట్టేడు. రోజూ అదే మాట. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందనుకున్నాను. "ఏ చీమలూ లేవు, మాత్రేసుకుని పడుకో" అని కసిరేదాన్ని. మనిషి చిక్కిపోతున్నా పట్టించుకోలేదు.

ఓరోజు కొత్త నర్సమ్మగారు ఇంటికొచ్చేరు. ఆవిడకీ అదే చెప్పేడు. నేను వెనక నుంచి సైగ చేస్తున్నాను, వినకండీ అని. ఆవిడేమో "ఎక్కడండీ, చూపించండి" అన్నారు. వాణ్ణి అండీ అన్నారే! వాడు ఒంటికి పోయే చోటికి తీసుకెళ్ళేడు, పెరటి చివర. చీమలేనమ్మా! మూత్రంలో తీపికి నల్లగా బారు కట్టేసి ఉన్నాయి.

అక్కడికక్కడే వేలు పొడిచి చూస్తే మిషన్లో అంకె కూడా రాలేదు, అంత ఎక్కువ సుగరు. అమలాపురానికి ఆటో కూడా ఆవిడే పిలిచేరు. ఇంకో రెండ్రోజులు ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టరుగారు. ఆ మాత్రల్లో కొన్నిటివల్ల సుగరొస్తుందట, మానకూడదు గానీ రక్తం చూపించుకుంటూ ఉండాలట. ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మంచం పక్కన కూచుని ఏడ్చేసేను. "ఒరే తమ్ముడూ, నిన్ను నమ్మలేదురా" అన్నాను. వాడేమన్నాడో తెలుసా? "పోనీలేవే అక్కా. లేనివి కూడా వినపడతాయి కదా నాకు. నువ్వు మాత్రం ఎలా పోల్చుకుంటావు?" అన్నాడు.

రోజూ ప్రార్థనలో ఆ నర్సమ్మగారిని తలుచుకుంటాను. మా తమ్ముణ్ణి నాకు మిగిల్చింది ఆవిడే. నువ్వూ నూరేళ్ళు చల్లగా ఉండాలి, నీ చెయ్యి పడ్డవాళ్ళందరూ లేచి ఇంటికెళ్ళాలి తల్లీ. అదిగో, రత్నం వస్తున్నాడు. వాడి పాదాలు ఓసారి చూడవే అమ్మలూ, సుగరుకి వేళ్ళ సందుల్లో పుండేమన్నా పడిందేమో... నెమ్మదిగా, ఆయ్, నీకైతే చూపిస్తాడు...