మొదటి చాప్టరు ఎవరూ జిరాక్స్ తీయించుకోరు

ఆ పరీక్ష రాసింది మా చెల్లి కాదు మేడమ్. నేను.

హమ్మయ్య! అనేశాను. నెల రోజులుగా ఈ ముక్క గొంతులో అడ్డం పడి, అన్నం కూడా పక్కనుంచి దిగుతోంది నాకు. అమ్మకి చెప్పలేదు, మా ఓనరుకి చెప్పలేదు, అద్దం ముందు ఒక్కదాన్నే నిలబడి కూడా పైకి అనలేదు. మీకు చెప్పేశాను చూడండి, మీ మొహం ఇవాళే మొదటిసారి చూస్తూ!

టోకెనా? తీసుకోలేదండీ. ఐడీ కార్డు కూడా లేదు. నేనిక్కడ చదవడం లేదుగా! కూర్చోనా? కూర్చుంటే మళ్ళీ లేవగలనో లేదో... సరే, మీరన్నారు కాబట్టి.

చేతులు చూసి కంగారు పడకండి, మిషన్లో పోసే నల్లపొడి ఇది. గేటు ఎదురుగా జిరాక్స్ షాపు లేదూ? అక్కడే నా పని. మీ లెక్కల సాయం గది నుంచి వారం వారం వచ్చే వర్క్‌షీట్లు తీసేది నేనే. పోయిన సోమవారం ఆరో లెక్కలో మైనస్ ఎగిరిపోయింది, నేనే పెన్నుతో పెట్టి కాపీలు తీశాను. అయ్యయ్యో, అలా చూడకండి, నాకు నవ్వొస్తుంది. నాకు భయమేసినా నవ్వే వస్తుంది, ఏం చెయ్యను!

టైమెంతయింది? ఒకటిన్నరా? అమ్మో. రెండింటికి కింద ఆఫీసు తలుపు తీస్తారు. ఉండండి, గబగబా చెప్పేస్తాను.

కాలేజీ తెరవక ముందు కొత్తవాళ్ళ చేత ఒక పరీక్ష రాయిస్తారు కదా మీరు, ఎవర్ని ఏ లెక్కల క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చడానికి? ఇంట్లోనే, కంప్యూటర్లో, ముప్పై ప్రశ్నలు. ఒప్పు రాస్తే తర్వాతది కష్టమైనది వస్తుంది, తప్పు రాస్తే తేలికది వస్తుంది. మా చెల్లి ఏడు రాసింది. ఎనిమిదో దానికి కడుపులో మెలిపెట్టింది. చిన్నప్పట్నుంచీ అంతే దానికి, భయం ముందు కడుపులోకే వెళ్తుంది. "అక్కా, కాస్త చూస్తూ ఉండవే, పది నిమిషాలు ముట్టుకోకపోతే ఆగిపోతుందట!" అంటూ బాత్రూంలోకి ఒకటే పరుగు.

చూస్తూనే ఉన్నాను మేడమ్, ఒట్టు! తొమ్మిది నిమిషాలు చేతులు కట్టుకుని బుద్ధిగా చూశాను. ఆగిపోతుందేమోనని ఒక్కటంటే ఒక్కటి నొక్కాను. ఇంకా కష్టమైనది వచ్చింది. అంటే నాది ఒప్పన్నమాట!

అబ్బ! ఎలా చెప్పను మీకు? వచ్చింది గోడకి ఆనించిన నిచ్చెన లెక్కండీ. కింది కొస జారుతుంటే పై కొస ఎంత వేగంగా దిగుతుందీ అని. నాకు తెలుసది! పరీక్షలొస్తే ప్రతివాడూ పరిగెత్తుకొచ్చి కాపీ తీయించుకునే చాప్టరది. ఎన్ని వందల సార్లు పడిందో ఆ నిచ్చెన నా చేతుల్లో, చివరికి నా నడుమే నొప్పెట్టేది.

ఎక్కడ నేర్చుకున్నానంటారా? అక్కడే, మిషన్ పక్కన నిలబడి. స్కూలు అయ్యాక ఇంక నన్నెవరూ చదివించలేదు. మూత కింద ఆ వెలుతురు ఇటు నుంచి అటు వెళ్తుంది చూడండి, ఆ కాసేపట్లో ఎంత పేజీ చదవగలిగితే అంత. పాడైన కాపీలు ఇంటికి తెచ్చుకుని వాటి వెనకాల లెక్కలు చేసేదాన్ని. పుస్తకం మడత దగ్గర లైను చివర నల్లగా వచ్చేస్తుంది, ఈక్వల్ టు తర్వాత ఏముందో కనపడి చావదు. అదేంటో నేనే కనిపెట్టాలి! మర్నాడు ఆ పుస్తకం మళ్ళీ వస్తే దొంగతనంగా చూసి, నేను రాసిందీ అదే అయితే... ఆ రోజు మా ఓనరు "ఏమే, పెళ్ళి కుదిరిందా?" అని అడిగేవాడు.

ఒక్కటే చిక్కు. మొదటి చాప్టరు ఎవరూ జిరాక్స్ తీయించుకోరండీ. ఎందుకు తీయించుకుంటారు, అది అందరికీ వచ్చేదేగా? అందుకని ఏ పుస్తకంలోనూ నాకు మొదటి చాప్టరు రాదు! పరీక్ష మధ్యలో ఒకటి అడిగింది, 'కిందివాటిలో ప్రమేయం కానిది ఏది?' అని. రోజూ ఆ ఫంక్షన్లతోనే కుస్తీ పడుతున్నాను కానీ, ప్రమేయం అంటే ఏంటని నాకెవరు చెప్పారు? తప్పు రాశాను. నవ్వండి, పర్లేదు. నేనూ నవ్వాను.

చెల్లి మధ్యమధ్యలో వచ్చి, ఒకటో రెండో నొక్కి, మళ్ళీ కడుపు పట్టుకుని పరిగెత్తింది. చివరికి వచ్చేసరికి అయిపోయింది. "నువ్వు ఎన్ని రాశావే?" అంది. "రెండో మూడో. మిగతావన్నీ నీవే, నొప్పిలో నీకే తెలియలేదు" అన్నాను. నమ్మింది. నేను ఏం చెప్పినా నమ్ముతుందది.

అందరికంటే పై క్లాసు వచ్చింది మేడమ్! పునాది క్లాసు అక్కర్లేదు, మీ గదిలో విడిగా చెప్పే సపోర్టు గంట అక్కర్లేదు, సరాసరి కాలిక్యులస్. అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది. నేను ఆ రిజల్టు కాగితం ఒక కాపీ ఎక్కువ తీసి దాచుకున్నాను. ఇదిగోండి. మడతల దగ్గర చిరుగుతోంది, జాగ్రత్త.

ఆ తర్వాత ఏమవుతుందో మీకు చెప్పాలా? మూడు వారాలు. మొదటి టెస్టులో చెల్లికి ఇరవైకి రెండు. మీ గదికి వచ్చి సపోర్టు గంటలో కూర్చుంటానంటే, "ఇంత మంచి స్కోరు వచ్చింది, నీకెందుకమ్మా?" అన్నారట. మీరు కాదు లెండి, ఆ కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయి. పోనీ నేను చెప్దామని ఇంట్లో కూర్చోబెట్టాను. ఏడో చాప్టర్లో ఎక్కి మూడో చాప్టర్లో దూకితే ఎవరికి అర్థమవుతుందండీ? "అక్కా, నీకు వస్తోంది, నాకు రావడం లేదు. ఆ రోజు పరీక్ష రాసిన బుర్ర ఎక్కడికి పోయిందే నాకు?" అంటుంది.

ఎక్కడికీ పోలేదే, నీ పక్కనే కూర్చుంది... అనాల్సింది అప్పుడే. నాలిక చివరిదాకా వచ్చింది. "మజ్జిగ తాగుతావా?" అన్నాను.

ఇవాళ పొద్దున షాపుకి వచ్చింది. ఒక కాగితం బోర్లా పెట్టి, "ఒక్క కాపీ తీయవే, చూడకు" అంది. నన్నా చూడొద్దనేది! మిషన్లోంచి వచ్చిన ప్రతి అక్షరం చదివే దాన్ని! చదువు మానేస్తానని ఉత్తరం మేడమ్. 'నాకు లెక్కలు వచ్చనుకున్నాను, రావని తెలిసింది' అని రాసింది. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా. కాపీ ఇచ్చాను. చిల్లర కూడా ఇచ్చాను, చూశారా నా తెలివి!

ఇప్పుడు కింద ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. మెట్ల మీంచి చూశాను. ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని, దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుంది.

ఆఁ? క్లాసు మార్చొచ్చా? ఇవాళ అయిదింటి దాకానా? పునాది క్లాసులోకి, సపోర్టు గంటతో సహా? నిజంగా? అయ్యో దేవుడా, నేను మీ కాళ్ళు... సరే సరే, లేస్తున్నాను, కుర్చీ నేనే ఎత్తుతాను.

దానికేం చెయ్యాలి? పాత స్కోరు రద్దు చేసి, చెల్లి మీ ఎదుట మళ్ళీ రాయాలి, అంతేనా? రద్దు. అంటే ఆ స్కోరు ఇంక ఎవరిదీ కాదా? ఎక్కడా ఉండదా?

లేదండీ, ఏడవడం లేదు. నవ్వేనండీ ఇది, నాది ఇలాగే ఉంటుంది.

అమ్మ తిడుతుందని దాచాననుకున్నాను ఇన్నాళ్ళూ. ఒట్టి మాట. ఆ స్కోరు చెల్లిది కాదని చెప్తే, నాది కూడా కాకుండా పోతుంది. స్కూలు అయ్యాక నాకంటూ వచ్చిన మార్కు అదొక్కటే, అదీ దాని పేరు మీద. దాన్ని కాపాడుకోవడానికి మా చెల్లిని మూడు వారాలు మొద్దుని చేశాను. ఇదీ అసలు సంగతి. ఛీ, అంటుంటే నాకే ఎంత చిన్నగా ఉందో!

తీసుకోండి, ఆ కాపీ మీ దగ్గరే ఉండనివ్వండి. చించేస్తారో, ఏం చేస్తారో.

కిందికి వెళ్ళనండీ. దాని మొహం చూస్తే మళ్ళీ మజ్జిగ అంటాను. ఆ ఫోను ఇటు జరపండి, దాని సెల్లుకే చేస్తాను. బయటి నంబరుకి ముందు సున్నా నొక్కాలా? పది నిమిషాలుంది, చాలు. కంగారు పడకండి, ఏడో చాప్టర్లో మొదలుపెట్టను. బాత్రూం తలుపు పడిన చప్పుడు దగ్గర్నుంచి, వరసగా చెప్తాను దానికి.