ద్రాసా బడిలో కన్నయ్య గారి గుణింతాలు

శ్రీ కన్నయ్య గారు 1909వ సంవత్సరం మార్చి ఒకటవ తేదీన, ద్రాసా చెరకు తోటల నడుమనున్న మా చిన్న బడిలో తెలుగు ఉపాధ్యాయులుగా ప్రవేశించారు. ఓడలో సముద్రం దాటి ఈ దీవికి వచ్చి, అయిదేళ్ల గిర్మిట్ కూలి ఒప్పందాన్ని చెరకు నరకడంలోనే పూర్తిచేసి, కాయలు కాసిన చేతులతో బలపం పట్టిన ఆ మహాశయులు, దశాబ్దకాల సేవానంతరం, దృష్టి మందగించిన కారణంగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు. సహోపాధ్యాయుడనైన నేను సంతోషించాలో దిగులుపడాలో తెలియని స్థితిలో ఈ అభినందన వ్రాస్తున్నాను.

తొలి సంవత్సరాలలో వారు తమ బాల్యంలో నేర్చిన పద్ధతినే అనుసరించారు. పిల్లలు ఇసుకలో దిద్దుతూ గుణింతాలన్నీ రాగయుక్తంగా వల్లించేవారు. కాని ‘పాలు’ వ్రాయమంటే ‘పల’ అని వ్రాసి నిలుచునేవారు. ఇంట తెలుగు, లైన్లనే కూలీల ఇళ్ల వరుసలలో హిందుస్తానీ వినే ఆ పసి చెవులకు ఏ ధ్వని ఏ భాషదో తెలిసేది కాదు.

“నోటికొచ్చింది చేతికెందుకు రాదు తమ్ముడూ?” అని వారు నన్ను అడిగేవారు.

1912లో వానలు కురిసే రోజుల్లో ఒక ఉదయం, ఆరేళ్ల కుంతి పరుగున వచ్చి, భయంతో మాట పెగలక, ఇసుకలో ‘అమ జర’ అని వ్రాసింది.

“అమ్మకి ఒత్తేదే, పిల్లా?” అని అలవాటు కొద్దీ అడిగిన కన్నయ్య గారు, ఆమె ముఖం చూసి ఆగిపోయారు.

“జరం అంటోందేమో అన్నా,” అన్నాను.

“లైన్లలో ‘జర్ గయా’ అంటే కాలిపోయిందని కదా! పొయ్యికాడ చీర అంటుకుందేమో?”

ఏది అడిగినా ఆ పసిబిడ్డ తల ఊపింది. ఎటూ తేలక కన్నయ్య గారు ఒక చేత కొబ్బరినూనె, మరొక చేత నీళ్ల కుండ పట్టుకొని పరుగెత్తారు, వెనుక నేను. అందరూ పనికి వెళ్లిన లైన్లలో, కుంతి తల్లి మునెమ్మ తీవ్రజ్వరంతో స్పృహ తప్పి ఒంటరిగా పడివుంది. చెరకు బండిమీద ఆమెను ఆస్పత్రికి చేర్చాం. ఇంకొక పూట ఆలస్యమైతే దక్కేది కాదని కాంపౌండరు చెప్పాడు.

కోలుకున్నాక మునెమ్మ అడిగింది: “మాస్టరయ్యా, నా బిడ్డకి రాత వచ్చేసినట్టేనా?”

“వచ్చిందమ్మా... ఒత్తు లేదు, సున్నా లేదు. వచ్చిందో రాలేదో నాకే తెలవటం లేదు,” అన్నారు వారు.

నాటినుండి వారు పిల్లలను తోచినట్లు వ్రాయనిచ్చి, వ్రాసినదానిని ఉన్నదున్నట్లు బిగ్గరగా చదివేవారు. ‘అమ’ అని వినగానే కుంతి పకపకా నవ్వి, తానే ‘మ’ ఒత్తు పెట్టింది. కొందరు అలా నేర్చారు. కొందరు ఎన్నిసార్లు చదివి వినిపించినా నేర్వక, ఒకనాడు హఠాత్తుగా తప్పులేకుండా వ్రాశారు. ఎలా వచ్చిందని అడిగితే కన్నయ్య గారు నిస్సంకోచంగా, “నన్నడగకు తమ్ముడూ, వాళ్లనే అడుగు,” అనేవారు. అడిగాను. వాళ్లూ చెప్పలేకపోయారు.

సోమవారం నుండి ఆ తరగతి నాది. శ్రీ కన్నయ్య గారు తమ ధర్మపత్ని శ్రీమతి గంగ గారితో కలసి, బడి వెనుకనున్న తమ కౌలుపొలంలో, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, నేను దిక్కుతోచక “అన్నా!” అని కేకవేస్తే వినబడేంత దూరంలోనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాను.