అద్దాల బీరువాలో కప్పులు

పలాసలో ఒక ప్రైవేటు స్కూలు హాస్టలు. ఆదివారం సాయంత్రం ఇళ్లకు ఫోను చేసుకునే వరసలో పదో తరగతి కుమారి, ఆమె వెనకే స్నేహితురాలు లిల్లీ నిలబడ్డారు. కుమారికి ఈ వంతు రాకుంటే బాగుండుననిపించింది.

"ఇయాలైనా మీ నాన్నకి నిజం సెప్తావేటి?"

"ఎలా సెప్పీదే లిల్లీ? అడ్మిషన్నాడు ఆఫీసు గదిలో అద్దాల బీరువా నిండా కప్పులు సూసినాడు. ఇన్ని కప్పులంటే ఎంత పెద్ద గ్రౌండున్నాదో అనీసి నా పరుగు కోసమని నన్నిక్కడ సేర్పించినాడు."

"అవన్నీ అబాకస్‌కీ, సేతిరాతకీ ఇచ్చినవి కదే!"

"ఆయనకి సదువు రాదు. కప్పంటే ఆటలకే ఇత్తారనుకున్నాడు."

"ఇయాల టెక్కల్లో జిల్లా సెలక్షన్లు. నువ్వు పరిగెడతన్నావని మీ నాన్నకి సెప్పీసినావు. మన స్కూలోళ్లు ఒక్కర్నీ పంపలేదని సెప్పీ మరి."

"ఊరుకోవే, నా వంతొచ్చింది... హలో, నాన్నా?"

"ఓలమ్మీ! తిన్నావేటమ్మా?"

"తిన్నాను. నువ్వో?"

"తింతాన్లే. లెక్కల్లో ఎన్నొచ్చినాయి?"

"తొంబై రెండు."

"తొంబై రెండా! మన ఊరి హైస్కూల్లో ముప్పై దాటనేదు కదమ్మా."

"అక్కడ సగం ఏడాది లెక్కల మాస్టారే నేరు కద నాన్నా. ఇక్కడ తెల్లారి అయిదుకే క్లాసు."

"అయిదుకే? మరి పరుగెప్పుడు?"

"పరుగా... క్లాసయ్యాక. ఇయాల సేపల ఏటకెల్లనేదా నువ్వు?"

"నేదు. మానీసినాను."

"ఎందుకు?"

"ఊరికినే. యువరాజు మాస్టారు నిన్నడిగినారు."

"మన ఊరి పీఈటీ మాస్టారా! ఎప్పుడు?"

"ఇయాలే."

"ఆదివారం స్కూలేటి?"

"స్కూలు కాదు... దార్లో కనబడ్డారు."

"అక్కడ ఆ ఈలలేటి నాన్నా?"

"కుర్రోళ్లమ్మా. ఆడుకుంతన్నారు. మరి ఇయాల పందెం ఏటయింది?"

"పందెమా... గెలిసినాను నాన్నా. నాలుగొందల మీటర్లలో ఫస్టు."

"ఫస్టా?"

"నువ్వు కొన్న బూట్లేసుకున్నాను."

"కరవనేదా?"

"నేదు. అందరూ సప్పట్లు కొట్టినారు. నువ్వు కూడా ఉండుంటే ఎంత బాగుండునో."

"కుమారీ, మేడమ్ వస్తన్నారు. వేగిరం కానీ."

"ఒక్క నిమిషమే లిల్లీ. నాన్నా, ఇన్నావా?"

"ఇన్నానమ్మా. నీకని నెత్తళ్ల సేపలు ఏపించి తెచ్చినాను. మూత కూడా తియ్యనేదు."

"తెచ్చినావా? ఎక్కడికి నాన్నా?"

"టెక్కలి గ్రౌండుకి. పొద్దున్నుంచీ ఇక్కడే కూకున్నానమ్మా."