తోడులేని గంధం

ఏమప్పా రూపేషూ, ఆ గడ్డిమందు డబ్బా ఈడ దించినావేంది? ఈ కొత్త గంధం మొక్కల కాడ కొడతావా? ఏందీ, కందీ కలుపేనా? ఉండు, ఉండు. ముందిట్టా కూసో. ఆ రాయి మీద ఒద్దు, చీమలుండాయి. మీ అబ్బ తిరుమలయ్య, మీ నాయన్ను కన్నోడు, అదే మా అన్న, ఇదే మిట్టచేన్లో ఇరవై గంధం మొక్కలు నాటినాడు. నీకేం తెలుస్తాది, నువ్వప్పుడు ముక్కు చీదుకునేది గూడా రానోడివి. ప్రతి మొక్క పక్కనా కంది ఏసినాడు, తంగేడు రానిచ్చినాడు, గట్టెంబడి కానుగ నిలిపినాడు. నేను ఊరుకుంటానా? "ఇది చేనా అడివా అన్నా, పాములు సంసారం చేస్తాండాయి" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన మాటే నిదానం, వక్క నముల్తా నముల్తా సెప్పేవోడు. "ఒరే ఆదిమూలం, తోడెయ్యకుండా పాలు పెరుగవుతాయంట్రా? ఇదీ అంతే. దీని ఏరు పోయి పక్కచెట్టు ఏరును పట్టుకుంటాది. ఒంటిగా బతికే జాతి గాదు." ఈ చెవిన ఇని ఆ చెవిన ఇడిసినా. "నేను పోతే కట్టెల మీద నా చెట్టు ముక్కొకటి ఏయండిరా" అని గూడా అనేవోడు. మీ అవ్వ శకుంతలమ్మ "దీపాలు పెట్టే యాళ ఏం మాటలయి" అని కసిరేది. మీ అవ్వ చేసే పితికిపప్పు ఉండాదే, అబ్బబ్బ... ఆఁ, యాడుంటిమి?

మొక్కలు నాటిన ఎనిమిదో ఏడు ఆయనకు కడుపులో గడ్డని వేలూరు ఆస్పత్రిలో పెట్టినారు. నెలన్నర. వచ్చేలోపల అన్న చేను అద్దం మాదిరి పెట్టాలనుకున్నా. ప్రేమతోనే అప్పా, దేవుని సాచ్చిగా ప్రేమతోనే. నలుగురు కూలోళ్లను పెట్టి కంది, తంగేడు, కానుగ అన్నీ ఏర్లతో పెరికించినా. గంధం చెట్లు మటుకు బడిపిల్లోళ్ల మాదిరి వరసగా నిలబడినాయి. బస్సు దిగంగానే నేరుగా ఈడికే పిల్చుకొచ్చినా, సూసి మురిసిపోతాడని.

సూసినాడు. గెనిమ గట్టు మీద కూలబడినాడు. "వాటి నోటికాడి కూడు తీసేసినావు గదరా" అన్నాడు, అంతే. తిట్టలా. తిట్టుంటే నాకీ పదమూడేండ్లూ కూడన్నా సయించేది. మర్సటి దినమే, కుట్లు గూడా ఆరలేదు, చెంబుతో నీళ్లు మోస్తా మళ్లా కందిగింజలు పెట్టినాడు. నేను పోతే "నువ్వు కూసోరా" అనేవోడు. కంది మొలిచింది. అది ఎదిగేదాకా గంధం ఆగలా. కొసల నించి పండుబారి, ఒకటెనక ఒకటి ఎండినాయి. మీ అబ్బ గూడా ఆ ఉగాది సూడలా. గడ్డ అంటారు అందురూ. గడ్డ గాదు, నేనే.

కట్టెల మీదికి అడిగినాడు గదా, ఎండినదాన్నొకదాన్ని కొట్టినా. లోపలంతా తెల్లగా ఉండాది, చేవే పట్టలా. ముక్కుకాడ పెట్టుకోని సూసినా. వాసనే లేదప్పా. ఏం జేసేది, దాన్నే ఏసినా.

...సరేలే. ఆ డబ్బా మూత బిగించు. మీ అమ్మ సంగటి ఆరిపోతాదని అరస్తాంటాది. ఒరే, సూసి నడు, కంది తొక్కబాకు.