ఆ అన్నదమ్ములు ఏమయ్యారు

ఏదీ, ఇంకోసారి చదువు ఆ ప్రశ్న. మెల్లిగా చదువు, నాకు ఆ వైపు చెవి సరిగ్గా వినపడదు. "ఈ పాఠానికీ మీ జీవితానికీ ఉన్న సంబంధాన్ని సొంత మాటల్లో రాయండి." ఓహో. పది మార్కులా దానికి? బాగుంది, కాలం ఎంత మారిందో చూడు. ఇప్పుడు పిలిచి మరీ మార్కులిస్తున్నారు, మా ఇంట్లో ఇదే పని చేసినందుకు మా అక్కని బడి మాన్పించబోయారు. నీతో వేళాకోళమెందుకే, నిజంగానే చెప్తున్నా. ఆ పెన్ను కాసేపు కింద పెట్టు, నీ పది మార్కులు ఎక్కడికీ పోవులే. మా అక్కని నువ్వు చూడలేదు. మీ నాన్నకి మేనత్త, వాడికింకా మీసాలు కూడా రాకముందే పోయింది. సన్నగా ఉండేది, ఎప్పుడూ కుడిచేతి బొటనవేలికి సిరా మరక. దానికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. జబ్బంటే ఒంటికి కాదులే. ఏ పద్యం చెప్పినా, ఏ పాత కథ చెప్పినా, "ఇది మనలో ఎవరి గురించి?" అని వెతుక్కునేది. ఎవరో ఒకరు దొరికేదాకా ఊరుకునేది కాదు. దొరికాక ఇంకా ఊరుకునేది కాదు, అదీ తంటా.

ఎలాగంటే, ఒక పాఠంలో రాణిగారు రాజు మీద అలిగి, ఆయన పంపిన నగలన్నీ వెనక్కి పంపించేసిందట. దీని భావం రాయమన్నారు. అందరూ రాణి అభిమానవతి అనీ, ఆత్మగౌరవమనీ గైడులో ఉన్నది దించేశారు. మా అక్క ఏం రాసిందో తెలుసా? "మా అమ్మ అలిగితే నగలు వెనక్కి పంపదు, ఎందుకంటే ఎవరూ ఇవ్వలేదు. అందరికీ మామూలుగానే వండిపెడుతుంది, కానీ కూరలో ఉప్పు వెయ్యదు. మా నాన్న నోరెత్తకుండా తినేసి లేస్తాడు. దాన్ని బట్టి తప్పెవరిదో ఆయనకీ తెలుసని అర్థమవుతుంది." నవ్వకు, ఇలాగే రాసింది. ఇంకోసారి కొండ వర్ణన వచ్చింది. ఎవరైనా సరే చుట్టూ తిరిగి పోవాల్సిందే తప్ప దాటే ప్రశ్నే లేదట, అంత కొండ. దానికి మా నానమ్మ సంగతి రాసింది. నానమ్మ వీధిగుమ్మంలో బైఠాయించిందంటే ఇంటిల్లిపాదీ పెరటి దోవన తిరిగి రావాల్సిందే మరి. అబద్ధం ఒక్కటి రాయలేదు పాపం. కానీ నిజమైతే మాత్రం, ఇంటి గుట్టంతా అలా జవాబుపత్రాలకెక్కిస్తే ఎలా?

ఇంతకీ మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద గుట్టు ఏమిటంటే, అది గుట్టేం కాదు, వీధి వీధంతా చూస్తున్నదే. మాది దర్జీ ఇల్లు కదా. ముందుగది కొట్టు, వెనక ఇల్లు. ఆ ముందుగదిలో రెండు తొక్కుడు మిషన్లు. ఒకటి మా నాన్నది, ఇంకోటి బాబాయిది. ఒకప్పుడు రెండూ పక్కపక్కనే ఉండేవట, నాకు గుర్తులేదు. నాకు తెలివొచ్చేసరికి నాన్న వీధి వైపు తిరిగి కుట్టేవాడు, బాబాయి గోడ వైపు తిరిగి కుట్టేవాడు. వీపూ వీపూ ఆనుకునేంత దగ్గర. మాటల్లేవు. ఏళ్ళ తరబడి లేవు. ఎందుకూ అంటే, ఎవరిదో పెళ్ళికోటు గుడ్డ పొట్టిగా కత్తిరించారు. ఎవరు కత్తిరించారు? నువ్వంటే నువ్వు. అంతే. ఆ కోటు కుట్టించుకున్నవాడికి పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లల నిక్కర్లు కూడా మా కొట్లోనే కుట్టించాడు గానీ వీళ్ళ పంతం మాత్రం తెగలేదు. ఒకే గదిలో, ఒకే కత్తెరతో పని మరి, ఎలా జరిగేదనుకున్నావ్? మధ్యలో మా అక్క. "మీ బాబాయికి చెప్పు, కత్తెర కావాలి." అక్క ఇటు నుంచి అటు తిరిగి, "బాబాయ్, కత్తెర కావాలిట." "మీ నాన్నకి చెప్పు, చొక్కా కాలరయ్యాక ఇస్తానని." రెండు జానల దూరంలో ఉన్న మనుషులకి ఇది వార్తాహరి. బాబాయి ఎలా అనేవాడనుకున్నావ్, ముక్కుతో మాట్లాడినట్టు, గోడకి చెప్పినట్టు. నాన్నదైతే గొంతు పెద్దది, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఇద్దరిలో ఎవరైనా దగ్గితే రెండోవాడి కాలు ఒక్క క్షణం పెడలు మీద ఆగేది, అది కూడా అక్కే కనిపెట్టింది. నేనైతే ఎప్పుడూ గమనించలేదు.

ఆ... ఏమంటున్నాను? పాఠం. అక్క పదో క్లాసులో ఉండగా ఒక పాఠం వచ్చింది. ఏదో పాత కావ్యంలోంచి తీసిన నాలుగు పద్యాలు. ఇద్దరు అన్నదమ్ములు, రాజ్యం కోసం యుద్ధం. నదికి ఈ గట్టున అన్న గుడారం, ఆ గట్టున తమ్ముడి గుడారం. పగలంతా కొట్టుకుంటారు. చీకటిపడ్డాక అన్న తన దీపం ఆర్పకుండా అటే చూస్తూ కూర్చుంటాడు. అవతలి గట్టున దీపం ఆరితే గానీ ఇతను ఆర్పడు. అవతల తమ్ముడూ అంతేనట, ఇటే చూస్తూ కూర్చుంటాడు. అంతటితో పాఠం సరి. మాస్టారు భావం చెప్పేశారు, "శత్రువు పట్ల వీరుడు ఎంత అప్రమత్తంగా ఉండాలో కవి చెబుతున్నాడు" అని. పిల్లలంతా రాసేసుకున్నారు. మా అక్కకి మాత్రం ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. ఇంటికొచ్చి సంచీ కింద పెట్టకుండా ముందుగదిలో నిలబడిపోయింది, నాన్న మిషను వైపోసారి, బాబాయి మిషను వైపోసారి చూస్తూ. నాకు బాగా గుర్తు, ఎందుకంటే నా పుస్తకాలన్నీ దాని కాళ్ళకి తగిలి పడిపోయాయి. పరీక్షలో రాసేసింది. "మా నాన్న బాబాయి మిషను ఆగేదాకా తన మిషను ఆపడు. బాబాయీ అంతే. పని లేకపోయినా ఉత్తినే పాత గుడ్డ మీద కుడుతూ కూర్చుంటారు. అది పంతమో, మరొకటో నాకు తెలియటం లేదు. ఈ పద్యం రాసినాయనకి తెలిసుంటుంది."

మాస్టారు మంచివాడే, చెడ్డవాడని అననుగానీ నోట్లో నువ్వుగింజ నానదు ఆయనకి. మా కొట్లోనే ప్యాంట్లు కుట్టించుకునేవాడు. ఒకరోజు కొలతలకొచ్చాడు. చేతులు రెండూ చాచి నిలబడ్డాడు, నాన్న టేపు పట్టుకుని కింద కూర్చున్నాడు, నోట్లో గుండుసూదులు. మాస్టారు హాస్యమాడాలని, "ఏమండీ, ఇవాళ కూరలో ఉప్పు పడిందా?" అన్నాడు. నాన్నకి అర్థం కాలేదు. సరే అక్కడితో ఊరుకోవచ్చుగా. "మీ తమ్ముడి మిషను ఆగితే గానీ మీదాగదటగా" అన్నాడు. నోట్లో సూదులున్నాయి, నాన్న ఏమీ అనలేకపోయాడు. అటు వెనక బాబాయి మిషను ఠక్కున ఆగింది. విన్నాడన్నమాట. నాన్న మొహం ఎర్రగా కందిపోయింది. ఆ ప్యాంటు మాస్టారికి నడుము దగ్గర పట్టేసింది చివరికి, కొలత తప్పిందో, కావాలనే తప్పించాడో ఎవరికీ తెలీదు. ఆ సాయంత్రం అక్కని పిలిచి, "రేపటి నుంచి బడి లేదు, కొట్టూ లేదు, లోపల కూర్చుని కాజాలు కుట్టు" అన్నాడు. అమ్మ బతిమాలింది, నానమ్మ కూడా అక్క వైపే మాట్లాడింది, ఆవిడ ఎవరి వైపూ మాట్లాడని మనిషి. వినలేదు. అక్క అన్నం ముట్టలేదు. దానికి చదువంటే ప్రాణం, ఇంకో మాటెందుకు.

మర్నాడు నాన్న దాన్ని వెంటబెట్టుకుని బడికి పోయాడు, పేరు తీయించేద్దామని. అక్కడ జరిగింది నేను చూడలేదు, కానీ అక్క నాకెన్నిసార్లు చెప్పిందంటే ఇప్పుడు నేను చూసినట్టే ఉంటుంది. మాస్టారు ఒక్కడే ఉన్నాడట గదిలో. నాన్నని చూడగానే తన నోటి తొందర గుర్తొచ్చి కంగారుపడ్డాడు. అందుకని నాన్న కంటే ముందు ఆయనే అక్కని తిట్టడం మొదలెట్టాడు. "ఎన్నిసార్లు చెప్పానమ్మా, పాఠంలోకి ఇంటి సంగతులు లాక్కురావద్దని. ఏదీ, మీ నాన్నగారి ముందు సరైన భావం చెప్పు." అక్క పద్యాలు నాలుగూ గడగడా అప్పజెప్పేసింది. భావం దగ్గరకొచ్చేసరికి, శత్రువు పట్ల అన్నది గానీ ఆ తర్వాత మాట రాలేదట. "ఆగావేం?" అన్నాడు నాన్న. అది మాస్టారి వైపు కాకుండా నాన్న వైపు తిరిగింది. "నాన్నా, బాబాయి మిషను ఆగేదాకా నువ్వెందుకు ఆపవు? నువ్వు చెప్తే అదే రాస్తాను" అంది.

ఎదురుచెప్పడం కాదే అది. దానికి నిజంగా తెలుసుకోవాలని. నాకూ ఇప్పటికీ అదే అనిపిస్తుంది, అంత భయంలో కూడా దానికి జవాబు మీదే ధ్యాస ఎలా ఉందా అని. నాన్న టేబులు మీదున్న పుస్తకం తీసి తిరగేశాడు. ఆయనకి కూడబలుక్కుని చదవడం వచ్చు, పద్యమంటే అర్థం కాదు. అయినా ఆ పేజీ చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి మాస్టారిని అడిగాడట, "ఆ ఇద్దరూ చివరికి ఏమయ్యారండీ?" అని. ఎవరండీ అన్నాడు మాస్టారు. "ఈ అన్నదమ్ములు." "పాఠం ఇంతవరకేనండి." "పాఠం సంగతి కాదు, కథ." "కథ చాలా ఉంటుందండి, మనకి పెట్టింది ఇంతవరకే." "మరి మీకు తెలీదా?"  పాపం ఆయన మాత్రం మొత్తం ఎప్పుడు చదివాడు గనక. "అదీ... పై చదువుల్లో ఉంటుందండి" అనేశాడు. నాన్న లేచి నిలబడి చొక్కా సర్దుకుని, "అయితే అక్కడిదాకా చదవనివ్వండి" అని, అక్కని అక్కడే వదిలేసి ఒక్కడూ ఇంటికొచ్చేశాడు. అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి ఏమైందని అడిగితే, "ఏమవుతుంది, చదువుకుంటోంది" అన్నాడు, తనేమీ ఎరగనట్టు.

అలా చదివిందే మా అక్క. మా వీధిలో కాలేజీకెళ్ళిన మొదటి ఆడపిల్ల, ఎందుకూ అంటే ఒక కథ చివర ఏమైందో కనుక్కురావడానికి. నాన్న ప్రతి ఏడూ కొత్త పుస్తకాలు కొన్నప్పుడల్లా, ఎవరికీ కానట్టు, "వచ్చిందా ఆ పాఠం?" అని అడిగేవాడు. రాలేదు నాన్నా అనేది. "పై క్లాసులో ఉంటుందిలే" అనేవాడు. ఆయనలా అడిగినప్పుడల్లా వెనక బాబాయి మిషను కొంచెం నెమ్మదించేది. ఇది మాత్రం నేనూ గమనించాను. మరి మాటలు కలిశాయా అంటే, లేదు. "మీ బాబాయికి చెప్పు", "మీ నాన్నకి చెప్పు", అదే వరస. అక్క పక్క ఊరి హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఆ ఉద్యోగం నాకు పడింది. నాకేమో ఓపిక తక్కువ, సగం మాటలు మింగేసేవాణ్ణి, దానితో ఒకసారి ఎవరిదో లాగూకి జేబులే పెట్టలేదు.

ఆఖరికి కాలేజీ లైబ్రరీలో దొరికిందట ఆ పుస్తకం. లావుపాటిది, బయటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. రోజూ క్లాసులయ్యాక కూర్చుని మొత్తం చదివేసింది. సెలవులకి ఇంటికొచ్చింది. నేను నాన్న మిషను పక్కన నేల మీద కూర్చుని గుండీలు కుడుతున్నా. అది సంచీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. నాన్న తలెత్తకుండా, అలవాటుగా, వచ్చిందా అన్నాడు. "దొరికింది నాన్నా" అంది. రెండు మిషన్లూ ఒక్కసారే ఆగిపోయాయి. గదంతా ఎలాగో అయిపోయింది. ఆ చప్పుడు లేకుండా ఆ గదిని నేనెప్పుడూ వినలేదు.

"ఏమయ్యారు?" అన్నాడు నాన్న. మా అక్క మొహం చూడాలి, ఏదో తప్పు తను చేసినట్టు. "రాయలేదు నాన్నా. ఆ దీపాల తర్వాత కవి ఇంకో రాజు కథలోకి వెళ్ళిపోయాడు. ఆ రాజుగారి తోట గురించే వంద పద్యాలున్నాయి. మళ్ళీ వీళ్ళ మాటెత్తలేదు. రెండుసార్లు వెతికాను" అంది. నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "మర్చిపోయుంటాడు" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలీదు. అప్పుడు బాబాయి అన్నాడు, ఇటు తిరగలేదు, గోడ వైపే చూస్తూ. మీ నాన్నకి చెప్పు అనలేదు. "రాయలేదంటే, వాళ్ళింకా అలాగే మేలుకునున్నారన్నమాట" అన్నాడు.

అక్క అలవాటు కొద్దీ "నాన్నా, బాబాయేమో..." అని మొదలెట్టింది. నాన్న చెయ్యెత్తి ఆపేశాడు.  గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు. అప్పుడు వీధి వైపు చూస్తూనే, "ఒరేయ్, నా సూది విరిగింది. నీ దగ్గరుందా?" అన్నాడు.

నేను ఆ మిషను పక్కనే కూర్చునున్నా తల్లీ. సూదికేం కాలేదు.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించు.